పోగు తెగితే ఆగే మగ్గం

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనో తెలుగువాళ్లకు కొత్త ఊరేమీ కాదు. టయోటా ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం 2017లో అక్కడే తెరుచుకుంది. ఆ పేరు వినగానే కార్లు గుర్తొస్తాయి. కానీ ఆ సంస్థ పుట్టుక ఒక మగ్గం దగ్గర మొదలైంది.

సకిచి టొయోడా 1867లో జపాన్‌లో ఒక వడ్రంగి ఇంట పుట్టారు. తల్లి మగ్గం మీద పడే శ్రమ చూసి, దాన్ని తగ్గించాలని కొయ్యతో కుస్తీ పట్టారు. బిగించడం, కుదరక విప్పడం, మళ్లీ బిగించడం. చివరికి 1890లో ఒంటిచేత్తో నడిపే మగ్గం తయారైంది. మరుసటేడు పేటెంట్ వచ్చింది. ఆ ధైర్యంతో 1892లో టోక్యోలో చిన్న నేతశాల పెట్టారు. ఏడాది తిరిగేసరికి అది మూతపడింది.

చేతిమగ్గాన్ని ఎంత మెరుగుపరిచినా అది మనిషి చేతి సత్తువను దాటి నేయలేదని ఆయనకు అర్థమైంది. ఊరికి తిరిగొచ్చి నూలు చుట్టే యంత్రం చేసి, దాని అమ్మకాలతో నిలదొక్కుకున్నారు. 1896లో యంత్రశక్తితో నడిచే మగ్గాన్ని నిలబెట్టారు.

అక్కడ కొత్త చిక్కు. పోగు తెగితే నేతగాడి చేతికి తెలుస్తుంది, యంత్రానికి తెలియదు. అది తన పాటికి తాను నేసుకుంటూ పోతే గుడ్డంతా పాడవుతుంది. అందుకే పేక పోగు తెగగానే మగ్గం ఆగిపోయే ఏర్పాటు చేశారు. 1910లో తన పేరుతో ఏర్పడిన మగ్గాల కంపెనీ నుంచే తప్పుకోవాల్సి వచ్చినా పని వదల్లేదు. అమెరికా, ఐరోపా తిరిగి అక్కడి మగ్గాలను పరిశీలించి వచ్చారు. 1924 నాటి మగ్గంలో నూలు అయిపోతే నాడె దానంతటదే మారేది, పడుగులో పోగు తెగితే మగ్గం ఆగేది. దాని హక్కులను 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ కొనుక్కుంది.

సకిచి కొడుకు కీచిరో చేతుల్లో 1937లో టయోటా మోటార్ కంపెనీ ఏర్పడింది. మగ్గం నేర్పిన పాఠం కార్ల కర్మాగారానికీ వచ్చింది. లోపం కనిపిస్తే మామూలు కార్మికుడు కూడా తాడు లాగి పని ఆపించవచ్చు. ఆగాక 'ఎందుకు' అని అయిదుసార్లు అడగాలి. అక్కడి ఇంజినీరు తైచి ఓనో చెప్పిన ఉదాహరణ ఇది. యంత్రం ఎందుకు ఆగింది? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు పడింది? బేరింగుకు నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? పంపు సరిగా తోడలేదు. ఎందుకు? దాని ఇరుసు అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. మొదటి జవాబు దగ్గరే ఆగితే ఫ్యూజు మార్చి చేతులు దులుపుకుంటాం, నాలుగు రోజులకు మళ్లీ పోతుంది.

ఆలేరు దగ్గరి శారాజీపేటలోనూ సకిచి తల్లిలాంటి ఒక తల్లి ఉండేది. ఆసు పోస్తూ, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుతూ, రోజుకు వేల సార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడేది లక్ష్మి. కొడుకు చింతకింది మల్లేశం 1992లో ఆసు యంత్రం చేయడానికి పూనుకున్నారు. డబ్బులైపోయాయి, యంత్రం కుదరలేదు. మానుకొమ్మని అయినవాళ్లే చెప్పారు. హైదరాబాద్‌లో కూలికి కుదిరారు కానీ ఎక్కడ చిక్కుపడిందో మరిచిపోలేదు. బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక కంటపడగానే ఆ చిక్కు విడిపోయింది. 1999లో పూర్తయిన ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో, ప్లేనోలో ఆ కార్యాలయం తెరుచుకున్న ఏడాదే, ఆయన్ని పద్మశ్రీ వరించింది.

ఉద్యోగం పోయినప్పుడు, పిల్లవాడికి మార్కులు తగ్గినప్పుడు మనం ముందుగా వెతికేది 'ఎవరివల్ల' అన్నదాన్ని. ఆ ప్రశ్నకు దొరికేది ఒక మనిషి పేరు, దానితో తెగింది అతకదు. తెగినచోట ఆగి, 'ఎందుకు' అని అయిదోసారి కూడా అడిగే ఓపిక ఉంటే పోగు చివర చేతికి దొరుకుతుంది. ముడి వేసి మళ్లీ నేత మొదలుపెట్టవచ్చు.