టపాలో వీసా: నెల్లూరు నుంచి సెయింట్ లూయిస్ దాకా

పరాయి దేశంలో నెలల తరబడి ఉండి చదువుకోవాలన్నా, కొలువు చేయాలన్నా, భార్యాబిడ్డలతో కాపురం పెట్టాలన్నా బయలుదేరే ముందే తీసుకోవలసిన అనుమతి దీర్ఘకాలిక వీసా. యూరప్‌లోని షెన్‌గెన్ దేశాలు 90 రోజులను హద్దుగా పెట్టుకున్నాయి. అది దాటితే ఆయా దేశాలు విడిగా ఇచ్చే జాతీయ వీసా, అంటే ‘డి’ తరగతి వీసా తీసుకోవాలి. అమెరికాకు విద్యార్థుల ఎఫ్-1, ఉద్యోగుల హెచ్-1బీ, కువైట్‌కు 18 నంబరు, 20 నంబరు వీసాలు ఇలాంటివే. ఇవి విమానం దిగాక కౌంటర్లో అడిగితే ఇచ్చేవి కావు. దరఖాస్తు, సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు మనిషి కంటే ముందుగా ప్రయాణం చేసి రావాలి.

నెల్లూరు జిల్లాలో ఏ దేశ కన్సులేటూ లేదు. దగ్గరలో ఉన్నది చెన్నై, సుమారు 175 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో అమెరికన్ కన్సులేట్ 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో తెరుచుకునేదాకా ఆంధ్రప్రదేశ్ మొత్తం అమెరికా వీసాకు చెన్నై అన్నా సాలైకే వెళ్లేది. శ్రీకాకుళం కుర్రవాడికి అది రాత్రంతా రైలు ప్రయాణం, నెల్లూరు కుర్రవాడికి మూడు నాలుగు గంటల పని. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో కొత్త భవనంలోకి మారిన హైదరాబాద్ కన్సులేటే ఇప్పుడు లెక్కప్రకారం నెల్లూరుదీ. అయినా దూరం చూసుకుని చెన్నైకే ఇంటర్వ్యూ స్లాటు వెతుక్కునే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. పెద్ద నగరానికి దూరంగా ఉన్నవాళ్లకు టపా అనేది సౌకర్యం మాత్రమే కాదు, ఒక రోజు కూలీ, ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగిలే దారి కూడా.

పాస్‌పోర్టు మట్టుకు ఇప్పటికీ టపాలోనే ఇంటికి వస్తుంది. దరఖాస్తుదారు ఏ చిరునామా రాశాడో అక్కడికే స్పీడ్ పోస్టులో చేరుతుంది. 2017 జనవరిలో మైసూరు, దాహోద్ పోస్టాఫీసుల్లో మొదలైన పాస్‌పోర్ట్ సేవా కేంద్రాల పద్ధతి తర్వాత నెల్లూరుకూ వచ్చింది. దాంతో పాస్‌పోర్టు కోసం విజయవాడకో తిరుపతికో పరుగెత్తే పని చాలామందికి తప్పింది.

గల్ఫ్ దారిలో టపా ఎదురు దిశలో నడిచింది. కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలతో పాటు నెల్లూరు జిల్లా నుంచీ కువైట్, సౌదీ, ఖతార్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ‘వీసా వచ్చింది’ అంటే కన్సులేట్ ముద్ర వేసిందని కాదు, అక్కడి యజమాని పేపరు పంపాడని. కంపెనీ పనికి ఇచ్చేది 18 నంబరు, జనం నోట షూన్ వీసా. ఇంటిపనికి ఇచ్చేది 20 నంబరు. ఆ కాగితం కొరియర్‌లోనో, సెలవుకు ఊరొచ్చే వాళ్ల చేతనో చేరేది. ఆ తర్వాత మెడికల్, పోలీసు క్లియరెన్సు, స్టాంపింగ్. పాస్‌పోర్టు ఏజెంటు చేతుల మీదుగా ఢిల్లీకో ముంబైకో వెళ్లి, ముద్ర వేయించుకుని తిరిగి వచ్చేది. పల్లె మనిషికి వీసా ఆఫీసు ముఖం చూడవలసిన అవసరమే ఉండేది కాదు. సుఖం అక్కడే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. తన పేరున ఏ కాగితం నింపారో, ఏ పనికి వీసా తెచ్చారో తెలియకుండానే విమానం ఎక్కినవాళ్లున్నారు. పని ఉందో లేదో తెలియని ‘ఆజాద్ వీసా’ మీద వెళ్లి అకామా, అంటే నివాస అనుమతి, లేక దాక్కున్నవాళ్లున్నారు. కువైట్ 2018లోనూ 2020లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఇంటికి చేరినవాళ్లలో తెలుగు జిల్లాల వాళ్లు చాలామంది.

ఈ మోసాన్ని అరికట్టడానికే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టుపై సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) ముద్ర ఉంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ. చేతికి లక్ష, లక్షన్నర ఇచ్చి పొలం తాకట్టు పెట్టినవాడికి ఈ ఒక్క అంకె ముందే చెప్పి ఉంటే ఎంతో మేలు జరిగేది.

కేవలం టపా మీదే నడిచిన వీసాకు అసలైన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1990లలో హెచ్-1బీ మీద వెళ్లిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు పాస్‌పోర్టులోని వీసా గడువు తీరినా దేశం విడిచి రానక్కరలేదు. పాస్‌పోర్టు, ఐ-797 అనుమతి పత్రం, కంపెనీ లేఖ, దరఖాస్తు, ఫీజు ఒక కవరులో పెట్టి మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో విదేశాంగ శాఖ పెట్టిన పోస్టుబాక్సుకు పంపితే కొన్ని వారాల్లో కొత్త వీసా అతికించి తిరిగి పంపేవారు. ఇంటర్వ్యూ లేదు, క్యూ లేదు, సెలవు పెట్టనక్కరలేదు. నెల్లూరులో అమ్మకు ఒంట్లో బాగోలేదని ఫోను వస్తే, చేతిలో చెల్లే వీసా ఉంది కాబట్టి మర్నాడే టికెట్టు కొనుక్కునే ధైర్యం ఉండేది. వలస వెళ్లినవాళ్ల జీవితంలో ఇంత పెద్ద ఊరట ఇచ్చిన ప్రభుత్వ సేవలు అరుదు.

2004 జులై 16న ఆ దారి మూసేశారు. కారణం వేలిముద్రలు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 2002లో వచ్చిన అమెరికన్ చట్టం ప్రకారం ప్రతి వీసాకూ దరఖాస్తుదారు బయోమెట్రిక్ వివరాలు ఉండాలి. కాగితం కవరులో పట్టినంత సులువుగా వేళ్లు పట్టవు. వాటిని అమెరికాలోనే తీసుకునే ఏర్పాటు చేయడం సాధ్యం కాదని సేవనే ఎత్తేశారు. 2003 ఆగస్టు నుంచి దాదాపు అందరికీ ఇంటర్వ్యూ కూడా తప్పనిసరైంది. అప్పటి నుంచి వీసా ముద్ర కోసమే ఇండియాకు రావడం, స్లాటు దొరక్క ఉద్యోగం చేసే ఊరికి తిరిగి వెళ్లలేక ఇక్కడే చిక్కుకుపోవడం తెలుగు ఇళ్లలో మామూలు కథ అయిపోయింది.

ఇరవై ఏళ్ల తర్వాత తలుపు ఒక్కసారి ఓరగా తెరుచుకుంది. ప్రధాని మోదీ 2023 జూన్ అమెరికా పర్యటనలో ప్రకటించిన ప్రయోగాన్ని 2024 జనవరి 29 నుంచి ఏప్రిల్ 1 వరకు నడిపారు. గరిష్ఠంగా 20,000 మంది హెచ్-1బీ ఉద్యోగులు, ఫీజు 205 డాలర్లు. 2021 ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు లోపల ఇండియాలోనో, 2020 జనవరి నుంచి 2023 ఏప్రిల్ 1 లోపల కెనడాలోనో వీసా పొందినవాళ్లకే అర్హత. భార్యాబిడ్డల హెచ్-4 వీసాలు చేర్చలేదు. ముందు ఆన్‌లైన్‌లో దరఖాస్తు, ఆ తర్వాత పాస్‌పోర్టు టపాలో. వేలిముద్రలు అప్పటికే ప్రభుత్వం దగ్గర ఉన్నవాళ్లను ఎంచుకున్నారు కాబట్టే అది నడిచింది. 2004లో చూపించిన కారణం ఇలాంటివాళ్ల విషయంలో ఇక చెల్లదని ఆ ప్రయోగమే నిరూపించింది. దాన్ని శాశ్వతం చేయడం న్యాయం. కానీ గాలి ఎదురుగా వీస్తోంది. పాత వీసా ఉన్నవాళ్లు ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వెళ్లే ‘డ్రాప్‌బాక్స్’ సదుపాయాన్ని కూడా 2025 సెప్టెంబరు 2 నుంచి చాలా తరగతులకు తీసేశారు.

మిగతా దేశాలూ ఒకదాని తర్వాత ఒకటి వేళ్ల దగ్గరికే వచ్చాయి. షెన్‌గెన్ దేశాలు 2015 నవంబరు 2 నుంచి, కెనడా 2018 డిసెంబరు 31 నుంచి ఇండియాలో బయోమెట్రిక్ అడుగుతున్నాయి. కన్సులేట్ల ముందు క్యూలు తగ్గించడానికి 2001లో ముంబైలో అమెరికా వీసాల పనితో మొదలైన వీఎఫ్‌ఎస్ సంస్థ ఇప్పుడు అనేక దేశాల తరఫున ఆ కౌంటర్లు నడుపుతోంది. ఆస్ట్రేలియా మాత్రం వేరే దారి పట్టింది. 2015 సెప్టెంబరు నుంచి పాస్‌పోర్టులో వీసా చీటీ అతికించడమే మానేసింది. దరఖాస్తు ఆన్‌లైన్, వీసా చీటీ కోసం పాస్‌పోర్టు పంపనక్కరలేదు.

కెనడా దరఖాస్తులో టపాకు ఇంకా చోటు ఉంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, వేలిముద్రలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో. అనుమతి వచ్చాక పాస్‌పోర్టు పంపమని ఒక లేఖ వస్తుంది. అప్పుడు మనిషి వెళ్లనక్కరలేదు. వీఎఫ్‌ఎస్ వారి రానుపోను కొరియర్‌కు డబ్బు కట్టి, ఆ లేఖ ప్రింటు, పాస్‌పోర్టు కవరులో పెట్టి నెల్లూరు నుంచే పంపవచ్చు. వీసా అతికించిన పాస్‌పోర్టు అదే చిరునామాకు తిరిగి వస్తుంది. లేఖ లేకుండా ఒట్టి పాస్‌పోర్టు పంపితే పని ఆగుతుంది.

చేరుకున్న తర్వాత కూడా టపా వెంట వచ్చిన దేశాలున్నాయి. ఫ్రాన్స్ దీర్ఘకాలిక వీసా మీద వెళ్లిన విద్యార్థి మూడు నెలల్లోపు ఇమిగ్రేషన్ సంస్థ ఓఫీకి ఒక ఫారం టపాలో పంపుకోవలసి వచ్చేది. 2019 ఫిబ్రవరి నుంచి అది ఆన్‌లైన్ అయింది. బ్రిటన్‌లో నివాసపు కార్డును దిగిన పది రోజుల్లో అక్కడి పోస్టాఫీసుకు వెళ్లి తెచ్చుకునేవారు. 2024 చివరితో ఆ కార్డులూ పోయి ఈ-వీసాలు వచ్చాయి. జపాన్‌లో కాలేజీయో కంపెనీయో తీసి పంపే అర్హతా పత్రం ఒకప్పుడు సముద్రాలు దాటి కవరులో వచ్చేది. 2023 మార్చి నుంచి ఈమెయిల్‌లోనూ ఇస్తున్నారు.

నెల్లూరు నుంచి ఇవాళ ఎక్కువగా టపాలో తిరుగుతున్నవి సర్టిఫికెట్లు. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకు ముందు జిల్లా కాలేజీల్లో చదివిన పెద్ద తరం డిగ్రీలు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానివి. విదేశాల్లో చెల్లాలంటే ఆ డిగ్రీ రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ పొంది, విదేశాంగ శాఖ ముద్ర వేయించుకోవాలి. ఇండియా 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి అందులోని దేశాలకు ఆ ఒక్క ముద్ర చాలు. కువైట్, ఖతార్ లాంటి దేశాలకు మాత్రం ఆ తర్వాత ఎంబసీ ముద్ర కూడా కావాలి. 2012 నుంచి విదేశాంగ శాఖ ఈ కాగితాలను నేరుగా తీసుకోవడం మానేసి, అధీకృత ఏజెన్సీల ద్వారానే తీసుకుంటోంది. కాబట్టి అసలు డిగ్రీ కొరియర్లో ఏజెన్సీకి వెళ్లి వస్తుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే కాగితాలు వెనక్కి వస్తాయి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడితే అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అక్కడ బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్సులోనూ అదే పేరై కూర్చుంటుంది. దీన్ని సరిచేయవలసింది పాస్‌పోర్టు దరఖాస్తు నాడే.

1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. ఏజెంటుకు దాన్ని తాకట్టుగా అట్టిపెట్టుకునే హక్కు లేదు. కవరు ఎవరి చేతికిచ్చినా రసీదు తీసుకోండి, ప్రతి పేజీ ఫొటో తీసి ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి, ఏజెంటు లైసెన్సును ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూడండి. అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090కు ఫోను చేయండి.