ముట్టుకోకుండా గింజను కనిపెట్టే కన్ను

గొర్రుతో విత్తేటప్పుడు జడ్డిగంలో గింజలు వేసే ఆడమనిషి చెయ్యి ఎంత లెక్కగా ఆడినా, కింద గొట్టంలో తడిమన్ను ఇరుక్కుంటే ఆ సాలు ఖాళీయే. సంగతి బయటపడేది మొలకలు తేలినప్పుడు. అప్పటికి పదును ఆరిపోతుంది. ఈ కాలపు విత్తే యంత్రాలు కొన్నింటిలో ఆ చిక్కును అక్కడికక్కడే చెప్పే చిన్న కన్ను ఒకటి వుంటున్నది. దాని కథ 1800లో ఇంగ్లండులో మొదలైంది.

విలియం హెర్షెల్ అనే ఆయన నక్షత్రాలను పరిశీలించే శాస్త్రజ్ఞుడు. మొదట సంగీతంతో పొట్టపోసుకున్నవాడు లెండి. సూర్యుణ్ణి చూసేందుకు దుర్భిణికి రంగుటద్దాలు అడ్డం పెడితే, కొన్నింటిలో వెలుతురు తక్కువైనా వేడి ఎక్కువగా తగిలింది. ఇదేమిటా అని ఎండను పట్టకపు గాజుగుండా పోనిచ్చి, బల్లమీద రంగులుగా విడదీసి, బుడ్డికి నలుపు పూసిన థర్మామీటరును ఒక్కొక్క రంగులో పెట్టి చూశాడు. ఊదాలో సుమారు 2 ఫారన్‌హీటు డిగ్రీలు పెరిగింది, ఆకుపచ్చలో 3, ఎరుపులో దాదాపు 7. ఎరుపు దాటి, కంటికి ఏమీ కనిపించనిచోట పెడితే పాదరసం ఇంకా పైకెక్కింది! ఆ కనిపించని కిరణాలనే నేడు పరారుణ కిరణాలంటున్నాం.

1880 నాటికి అమెరికాలో శామ్యూల్ లాంగ్లీ చేసిన బోలోమీటరు పావుమైలు దూరాన వున్న ఆవు ఒంటివేడిని సైతం పసిగట్టేదట. బాగానే వుంది గాని, గింజకు ఆవుకున్నట్టు ఒంటివేడి లేదు గదా? దానికి మన దీపమే కావాలి. 1961లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో బాబ్ బయర్డ్, గారీ పిట్‌మన్ వేరే పనికోసం గాలియం ఆర్సెనైడు డయోడు తయారుచేస్తూ, కరెంటు పారినప్పుడు అది పరారుణ కాంతిని వెదజల్లడం గమనించారు. మరుసటేడే ఆ దీపం అమ్మకానికొచ్చింది. మన ఇళ్లలో టీవీ రిమోటు ముక్కున వుండేది దాని బంధువే.

గింజ జారే గొట్టానికి ఒకవైపు ఈ దీపం, ఎదురుగా దాన్ని చూసే కన్ను అమరుస్తారు. గింజ పడుతూ కిరణాన్ని తెంచగానే లెక్క ఒకటి పెరుగుతుంది. గింజలు ఆగిపోతే ట్రాక్టరు నడిపేవారి దగ్గర గంట మోగుతుంది. ఎదురుగా పెట్టే వీలులేని పనుల్లో రెంటినీ ఒకే పక్కన పెట్టి, వస్తువును తాకి తిరిగొచ్చే కిరణాన్ని పట్టుకుంటారు. నల్లటి వస్తువు కిరణాన్ని మింగేస్తుంది గనుక ఆ పద్ధతి అప్పుడప్పుడు మోసపోతుంది. ఎండలోనూ ఇవే కిరణాలున్నాయి. అందుకే ఆరుబయట వాడే వాటిలో దీపాన్ని సెకనుకు వేలసార్లు ఆర్పి వెలిగిస్తారు; కన్ను ఆ లయనే లెక్కలోకి తీసుకుంటుంది.

దీనికి అసలు శత్రువు దుమ్ము. విత్తనశుద్ధి పొడి, మట్టి కలిసి కంటికి పొరకడితే గింజలు పడుతున్నా సరిగా కనపడవు. మెత్తటి కుంచెతో తుడుస్తూ వుండాలి. రెండు గింజలు ఒకదాని చాటున ఒకటి పడితే ఒకటిగానే లెక్కవేస్తుంది. అది మొలిచే గింజో పుచ్చుగింజో దానికి తెలియదు. తడిగుడ్డలో మూటకట్టి చూసే పని మనదే. దుక్కిలో దిగేముందు ప్రతి గొట్టంలోనూ గుప్పెడు గింజలు జారవిడిచి, ఏ సాలు లెక్క కదలడంలేదో చూసుకోండి.