నాసి పడాంగ్: ఒక భోజన నామం వెనుక వలస చరిత్ర

ఇండోనేషియా భాషలో 'నాసి' అంటే అన్నం. కొబ్బరిపాలతో వండిన 'గులాయ్' కూర, ఉడికించిన కర్రపెండలం ఆకు, మిరప సంబల్‌తో వడ్డించే అన్నాన్ని 'నాసి పడాంగ్' అంటారు. ఇది సుమత్రా పశ్చిమ ప్రాంతానికి చెందిన మినాంగ్‌కబావ్ ప్రజల వంట. పడాంగ్ అక్కడి రేవుపట్టణం. గులాయ్ భారతీయ కూరకు అనుకరణ అనీ, ఈ భోజనం పడాంగ్ పట్టణానిదనీ రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. రెండింటిలోనూ కొంత సత్యమే ఉంది.

దక్షిణ భారత వర్తకులకు సుమత్రా కొత్త కాదు. బారుస్ సమీపంలోని లోబు తువాలో లభించిన క్రీ.శ. 1088 నాటి తమిళ శాసనం ఐనూట్రువర్ వర్తక శ్రేణిని పేర్కొంటుంది. 17వ శతాబ్దిలో మచిలీపట్నం నుండి వస్త్రాలు ఆచే రేవుకు చేరేవి. అయితే వర్తక సంబంధం ఉన్నంత మాత్రాన వంట అనుకరణ రుజువు కాదు. ఇక్కడ శాసనాల కంటే ఆకులే మంచి సాక్ష్యం. ఆచే ప్రాంతపు 'కారి'లో కరివేపాకు కనిపిస్తుంది. మినాంగ్‌కబావ్ గులాయ్‌కి పరిమళాన్నిచ్చేవి ప్రధానంగా పసుపు ఆకు, నిమ్మజాతి ఆకు, నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం. పులుపు కోసం కోకం జాతికి చెందిన 'అసం కండిస్' ఎండుతొక్క వేస్తారు. ధనియాలు, జీలకర్ర కలిసినా కూర స్వభావం స్థానికమే. ఇక మిరప అమెరికా ఖండపు పంట. 16వ శతాబ్దికి ముందు ఆసియాలో లేదు. కాబట్టి నేటి ఎర్రని గులాయ్‌ని అతిప్రాచీనమనడం కుదరదు.

పేరు విషయం మరింత ఆసక్తికరం. మినాంగ్‌కబావ్ సమాజంలో పూర్వికుల భూమి, ఇల్లు తల్లి వంశాన్ని అనుసరించి సంక్రమిస్తాయి. యువకులు జీవనోపాధికి పరాయి ప్రాంతాలకు వెళ్లడం, అంటే 'మెరంటావ్', ఆచారంగా స్థిరపడింది. 1958 ఫిబ్రవరి 15న పడాంగ్‌లో కేంద్రానికి వ్యతిరేకంగా ప్రత్యామ్నాయ ప్రభుత్వం ప్రకటితమైంది. జకార్తా సైన్యాన్ని పంపింది. 1961 నాటికి తిరుగుబాటు అణగిపోయింది. ఆ తరువాత వలస ఉధృతమైంది. మినాంగ్ గుర్తింపే అనుమానానికి కారణమైన ఆ కాలంలో పిల్లలకు జావా తరహా పేర్లు పెట్టిన కుటుంబాలున్నాయి. పేరు దాచుకున్న సమాజం వంటను మాత్రం దాచలేదు. బుకిట్టింగి కొండప్రాంతం వారూ, పరియామన్ తీరవాసులూ పరాయి నగరాల్లో 'పడాంగ్' బోర్డు కిందనే వండారు. బుకిట్టింగి సమీపంలోని కపావ్ గ్రామస్థుల వంట మాత్రం 'నాసి కపావ్'గా తన పేరు నిలుపుకుంది.

వలసకు ఊతమిచ్చింది భోజనశాల నిర్వహణ పద్ధతే. అడగకుండానే పళ్లేలన్నీ బల్లమీద పరుస్తారు; తిన్నవాటికే వెల. సంప్రదాయ భోజనశాలల్లో పనివారికి నెలజీతం ఉండదు. 'మాతో' అనే పద్ధతిలో పనిని బట్టి పాళ్లు నిర్ణయించి లాభాన్ని పంచుతారు. పెట్టుబడి లేకుండా ఊరు విడిచిన యువకుడు గిన్నెలు కడుగుతూ చేరి, వంట నేర్చి, పాళ్లు కూడబెట్టి మరో పట్టణంలో సొంత భోజనశాల తెరిచే వీలు ఈ పద్ధతిలో ఉండేది.