మళ్ళీ మళ్ళీ ఓడెక్కినవాడికి ఏమొచ్చింది?

మా టీములో ఒకాయన ఈమధ్య సింగపూరు వెళ్ళి, అక్కణ్ణుంచి నాలుగు రాత్రుల క్రూజు చేసొచ్చాడు. ఇది రెండోసారట. లంచ్ టైములో ఫోన్ తీసి రాయల్ కరీబియన్ వాళ్ళ "క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ"లో తన పాయింట్లు చూపించాడు. ఓడలో గడిపిన ఒక్కో రాత్రికి ఒక్కో పాయింటు, సూట్ తీసుకుంటే రెట్టింపు. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినాకిల్. డైమండ్ దాకా వెళితే రోజూ కొన్ని డ్రింకులు ఫ్రీ, ఇంకా చాలా మర్యాదలు. "ఎనిమిదయ్యాయి, ప్లాటినంకి ఇంకా ఇరవై రెండే" అన్నాడు సంబరంగా. 700 అంటే దాదాపు రెండేళ్ళు నీళ్ళమీదే కాపురం అని లెక్కేసి చెబితే నవ్వేశాడు :-)

నాది గద్వాల దగ్గర వడ్డేపల్లి. మాకు సముద్రం సినిమాల్లోనే. నీళ్ళంటే తుంగభద్ర, లేదంటే ఆర్డీఎస్ కాలువ (అందులో నీళ్ళొచ్చినప్పుడు!). అయినా ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను పట్టుకుంది. అసలు మన తెలుగువాళ్ళలో అందరికంటే ఎక్కువగా ఓడెక్కినవాళ్ళు ఎవరు? వాళ్ళకి ఏ కంపెనీ ఏ కార్డు ఇచ్చింది?

మొదటి ప్రశ్నకి జవాబు సులువే. రంగం వెళ్ళిన కూలీలు. రంగం అంటే రంగూన్ అని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర్నించి 1942లో జపాన్ బర్మాని ఆక్రమించేదాకా లక్షలాది తెలుగువాళ్ళు బంగాళాఖాతం దాటారు. ధాన్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోయడానికి. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీదే బర్మాలో మనవాళ్ళందరికీ "కోరంగీలు" అని పేరు పడిపోయింది. వీళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోవడానికి వెళ్ళలేదు. కొన్నాళ్ళు పనిచేసి, నాలుగు డబ్బులు కూడబెట్టుకుని ఊరికొచ్చి, అవి అయిపోయాక మళ్ళీ ఓడెక్కేవాళ్ళు. మా కొలీగ్ భాషలో చెప్పాలంటే "రిపీట్ ప్యాసింజర్లు" అన్నమాట.

వీళ్ళని ఎక్కువగా మోసింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నేవిగేషన్ కంపెనీ. కలకత్తా–రంగూన్ మధ్య టపా మోయడానికి 1856లో పుట్టిన కంపెనీ అది. మనవాళ్ళది డెక్ టిక్కెట్టు. గదీ లేదు, మంచమూ లేదు, డెక్ మీద చోటు దొరికినకాడికి చాప పరుచుకోవడమే. పదిసార్లు వెళ్ళినవాడికీ మొదటిసారి వెళ్ళేవాడికీ అదే డెక్కు. మరి కార్డు? ఊహూఁ.

ఎందుకివ్వలేదు? తెల్లవాళ్ళు మనల్ని మనుషులుగా చూడలేదు కాబట్టి అని వెంటనే అనేయొచ్చు. అది నిజమే కానీ, నిజం అక్కడితో అయిపోదు. అప్పుడే కొంచెం దక్షిణంగా ఏం జరిగిందో చూడండి.

వ.ఉ. చిదంబరం పిళ్ళై 1906లో తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నేవిగేషన్ కంపెనీ పెట్టి, తూత్తుకుడి–కొలంబో మధ్య ఓడలు నడిపాడు. అప్పటిదాకా ఆ దారి బ్రిటిష్ ఇండియా కంపెనీదే. పోటీ రాగానే వాళ్ళు టిక్కెట్టు ధర రూపాయికి తగ్గించారు. పిళ్ళై గారు అర్ధరూపాయి అన్నారు. దాంతో తెల్లకంపెనీ ఊరికే ఎక్కించుకుని, పైగా గొడుగు కూడా ఇస్తామంది! అదే కంపెనీ, అదే నల్ల ప్రయాణికులు. మారిందల్లా ఒక్కటే, పక్కన ఇంకో ఓడ వచ్చి నిలబడింది. 1908లో పిళ్ళైని రాజద్రోహం కింద జైల్లో పెట్టారు, 1911కల్లా ఆ కంపెనీ మూతపడింది. ఇక గొడుగులతో పనేముంది?

రంగం కూలీకి అలాంటి రెండో ఓడ లేదు. ఒకవేళ ఉన్నా, ఏ ఓడ ఎక్కాలో చెప్పేది అతను కాదు, మేస్త్రీ. టిక్కెట్టు డబ్బులు అడ్వాన్సుగా ఇచ్చేదీ, దాన్ని కూలీలోంచి కోసుకునేదీ మేస్త్రీయే. టిక్కెట్టు కొన్నవాడొకడు, ప్రయాణం చేసినవాడొకడు, అప్పు తీర్చింది ప్రయాణం చేసినవాడు!

మరి ఆ రోజుల్లో ఓడ కంపెనీలకి "లాయల్టీ ప్రోగ్రాం" అనే ఆలోచనే లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. కాకపోతే మనుషులకి కాదు, సరుకులకి. కలకత్తా దారిలో నడిచే బ్రిటిష్ కంపెనీలన్నీ 1875లో ఒక కూటమి కట్టి, 1877లో "డిఫర్డ్ రిబేటు" మొదలుపెట్టాయి. సరుకు పంపే వ్యాపారి ఆరు నెలలపాటు కూటమి ఓడల్లోనే పంపితే కిరాయిలో పది శాతందాకా వెనక్కి ఇస్తారు. కానీ వెంటనే కాదు. ఆ తర్వాత ఇంకో ఆరు నెలలు కూడా బుద్ధిగా వాళ్ళ ఓడల్లోనే పంపాలి. మధ్యలో ఒక్క మూట వేరే ఓడలో పంపినా మొత్తం డబ్బులు గోవిందా! మన రిటెన్షన్ బోనస్ గుర్తొస్తోంది కదూ? ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలి అనే ఆ కాగితం.

1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ మొదటి ఓడ బొంబాయి నుంచి లండన్ బయలుదేరింది. మనం ఏప్రిల్ 5ని జాతీయ నౌకాయాన దినంగా చేసుకునేది అందుకే. ఆ ఓడ పేరేంటో తెలుసా? "లాయల్టీ"! అంతకుముందు దాని పేరు "ఎంప్రెస్ ఆఫ్ ఇండియా". గ్వాలియర్ మహారాజా దాన్ని కొని మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి ఓడగా మార్చి, రాజభక్తికి గుర్తుగా ఆ పేరు పెట్టాడు. లాయల్టీ పేరున్న ఓడకి సరుకు దొరకడమే కష్టమైంది. రిబేటు పోతుందని వ్యాపారులు భయపడితే ఎందుకు దొరుకుతుంది? అమెరికా 1916లోనే చట్టం చేసి ఈ డిఫర్డ్ రిబేట్లని నిషేధించింది. మన దగ్గర దాన్ని రద్దు చేయించాలని ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టి పోరాడాడు.

మనుషులకి పాయింట్లు రావడానికి కంప్యూటర్ రావాల్సొచ్చింది (మనవాళ్ళు కాలర్ ఎగరేసుకోవచ్చు). అమెరికాలో 1978లో విమానయానం మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, పోటీ పెరిగింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన సేబర్ రిజర్వేషన్ సిస్టంలో మళ్ళీ మళ్ళీ కనిపించే ఫోన్ నంబర్లు ఏరి, తరచుగా ఎక్కేవాళ్ళెవరో పట్టుకుంది. 1981 మే 1న "ఎ అడ్వాంటేజ్" మొదలైంది. కొద్దిరోజుల్లోనే యునైటెడ్ కూడా దిగింది. క్రూజు కంపెనీలూ ఇదే దారిలో నడిచాయి. పాత ప్రయాణికుణ్ణి మళ్ళీ రప్పించడం కొత్తవాణ్ణి వెతికి పట్టుకోవడంకంటే చవక కాబట్టి.

అంటే ఏమిటి? నాకర్థమైంది ఇది: పాయింట్లు ఇచ్చేది విశ్వాసానికి కాదు, వదిలి వెళ్ళగలిగే శక్తికి. ఎన్నిసార్లు ఎక్కావన్నది లెక్క కాదు, ఎక్కకుండా ఉండగలవా అన్నదే లెక్క. నమ్మకపోతే కార్నివాల్ వాళ్ళని చూడండి. ఇన్నాళ్ళూ ఓడలో గడిపిన రోజుల్ని బట్టి హోదా ఇచ్చేవాళ్ళు. 2026 జూన్ నుంచి ఖర్చుపెట్టిన డబ్బుని బట్టి ఇస్తామని 2025లో ప్రకటించారు. ఏళ్ళతరబడి రోజులు పోగేసుకున్న పాత ప్రయాణికులు గొల్లుమన్నారు. ఒకే కంపెనీలో ఎనిమిదేళ్ళు ఉండి, నిన్న చేరినవాడి ప్యాకేజీ విన్న సీనియర్ మొహం మీరూ చూసే ఉంటారు.

మన తీరానికి కూడా క్రూజు వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ళ "ఎంప్రెస్" విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై తిరిగింది. 1990లో కట్టిన ఈ ఓడ ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే. రంగం ఓడలు లంగరేసిన తీరంలోనే, గదులూ ఈతకొలనూ ఉన్న ఓడ. సంతోషమే.

కానీ నాకు మా పెద్దనాయన గుర్తొచ్చాడు. రంగం ఆయనకి తెలీదు, కానీ మేస్త్రీ తెలుసు. పాలమూరులో గుంపు మేస్త్రీ అంటాం. దీపావళి తర్వాత అడ్వాన్సు తీసుకుని బొంబాయి బస్సెక్కేవాడు, వానలకి ముందు వచ్చేవాడు. ఇరవై రెండేళ్ళు. రానూపోనూ నలభైనాలుగు ప్రయాణాలు, ఒక్కోటి 700 కిలోమీటర్ల పైనే. మొత్తం 30,000 దాటింది. కిందటిసారి ఊరికెళ్ళినప్పుడు మా కొలీగ్ కార్డు సంగతి చెబితే, "కార్డేందిరా నాయనా, సీటు దొరికితే అదే సాలు" అన్నాడు.

ఇది రాస్తూ వెతికితే తెలిసింది. ఆయనకి రావాల్సింది కార్డు కాదు, హక్కు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కూలీకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రయాణఖర్చు కాంట్రాక్టరే ఇవ్వాలి. ఆ ప్రయాణంలో గడిచిన రోజులకి కూలి కూడా కట్టివ్వాలి. ఇప్పుడా చట్టం 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. 2025 నవంబరు 21న అది అమల్లోకి వచ్చింది. నిర్ణీత రోజులు పనిచేసిన వలస కార్మికుడికి ఏడాదికోసారి సొంతూరికి రానూపోనూ చార్జీ యజమాని ఇవ్వాలని అందులోనూ ఉంది.

ఫోన్ చేసి పెద్దనాయన్ని అడిగాను, ఎప్పుడైనా మేస్త్రీ బస్సు చార్జీ ఇచ్చాడా అని.

"ఇచ్చేటోడే" అన్నాడు. "అడ్వాన్సులోంచి పట్టుకునేటోడు."

రంగం లెక్కే, అణా పైసాతో సహా. ఇంకేం అడగను?

మీ ఊళ్ళో బొంబాయికో, బెంగుళూరుకో ఏటేటా వెళ్ళొచ్చేవాళ్ళు ఉంటే ఈ చార్జీ సంగతి ఒకసారి చెవిన వేయండి. మన పాయింట్లు మనకి ఎలాగూ యాప్ చెబుతుంది. వాళ్ళకి చెప్పే యాప్ లేదు.