నిరాశ్రయ మనోరోగులు: ఆశ్రయం నుంచి ఇంటికి

బాటసారులకు సత్రాలు కట్టించడం, చలివేంద్రాలు నెలకొల్పడం పుణ్యకార్యంగా భావించిన సమాజం మనది. అయితే సత్రం నీడనిచ్చింది ప్రయాణికునికి, అనగా తిరిగి చేరుకోవడానికి ఒక ఇల్లున్నవానికి. మతి చలించి, ఇల్లు వీడి, ఊరి పేరు సైతం మరచి సంచరించే మనిషి ఆ లెక్కలో చేరలేదు. అట్టివారి విషయంలో పాలకులు ఒకటిన్నర శతాబ్దాలుగా వేసుకున్న ప్రశ్న ఒక్కటే: ఇతణ్ణి ఎక్కడికి తరలించాలి? ఇతడు ఎక్కడ నివసించాలి అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా తలెత్తింది.

మద్రాసులో 1794లో వాలెంటైన్ కొనోలీ అనే శస్త్రవైద్యుడు ఉన్మాదుల కోసం ఒక ఆశ్రయాన్ని నెలకొల్పాడు. 1858 నాటి 36వ చట్టం వీధులలో తిరిగే మతిస్థిమితం లేనివారిని పట్టుకొని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచే బాధ్యతను పోలీసులకు అప్పగించింది. 1871లో మద్రాసు కీల్పాక్‌లోను, వాల్తేరులోను ఆశ్రయాలు ఏర్పడ్డాయి. విశాఖపట్నంలోని నేటి ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి మూలం అదే. 1912లో వచ్చిన భారత ఉన్మాద చట్టం ఈ పద్ధతినే మరింత కట్టుదిట్టం చేసింది. కాలక్రమేణా ‘ఆశ్రయం’ అన్న పేరు పోయి ‘ఆసుపత్రి’ అన్న పేరు వచ్చింది. కాని ఎత్తయిన ప్రహరీగోడ మాత్రం నిలిచే ఉంది.

స్వాతంత్ర్యానంతరం ఒక కొత్త ఆలోచన అమృత్‌సర్‌లో మొలకెత్తింది. అక్కడి మానసిక వైద్యశాల అధిపతి డాక్టర్ విద్యాసాగర్ 1950 దశకంలో రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాలలో ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. రోగం పట్ల భయం తగ్గిన కుటుంబం కోలుకున్న వ్యక్తిని వెంటబెట్టుకొని వెళ్లేది. భారతీయ మానసిక వైద్యానికి ఇది విశిష్టమైన దేన. అయినప్పటికీ దాని బలమే దాని పరిమితి కూడా. కుటుంబం ఆధారంగా నడిచే ఏర్పాటులో, కుటుంబమే లేనివానికి చోటెక్కడిది?

1993వ సంవత్సరం ఈ చరిత్రలో ఒక మలుపు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆ ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఏ నేరమూ చేయని మనోరోగులను కారాగారాలలో ఉంచడం రాజ్యాంగవిరుద్ధమని షీలా బర్సే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అదే సంవత్సరం తీర్పు చెప్పింది. ఆ ఏడాదే వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు వీధిపాలైన మహిళల కోసం చెన్నైలో ‘ది బాన్యన్’ సంస్థను ప్రారంభించారు.

అయితే చట్టం మారినంత త్వరగా ఆచారం మారలేదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు చెలరేగి 28 మంది అసువులు బాశారు. వారిలో అత్యధికులు గొలుసులతో బంధితులై ఉన్నందున తప్పించుకోలేకపోయారు. దర్గా మహిమతో స్వస్థత చేకూరుతుందన్న నమ్మకంతో బంధువులు అక్కడ విడిచివెళ్లినవారు వారు. కుటుంబం ఉండటమే రక్షణ కాదని ఆ దుర్ఘటన నిరూపించింది.

ఇల్లు జ్ఞాపకం వచ్చినవారిని స్వగ్రామాలకు చేర్చడం ఒక మార్గం. మహారాష్ట్రలోని కర్జత్‌లో ఈ కృషి సాగించిన డాక్టర్ భరత్ వాత్వానీకి 2018లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. రైలెక్కి భాష తెలియని రాష్ట్రానికి చేరిన వ్యక్తికి, తన మాటలో పలకరించే ఒక్క మనిషి దొరకడమే సగం చికిత్స. చెన్నైలో తెలుగు పలుకు, విశాఖలో ఒడియా పలుకు అటువంటి తాళపుచెవులే. కాని కొందరికి తలుపు తెరుచుకోదు. వ్యాధి నెమ్మదించినా, తీసుకొనిపోయేవారు లేక ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోయినవారి పునరావాసం విషయమై సుప్రీంకోర్టు 2017లో ప్రభుత్వాలను ఆదేశించవలసి వచ్చింది.

అదే ఏడాది వెలువడిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోకి వచ్చింది. కుటుంబం లేదన్న కారణంగాగాని, ఇల్లు లేదన్న కారణంగాగాని ఎవరినీ చికిత్సాలయంలో కొనసాగించరాదని దాని 19వ సెక్షన్ నిర్దేశిస్తుంది. నలుగురి మధ్య జీవించడం హక్కు అయింది. సంచరించే రోగిని పోలీసు లాకప్‌లో ఉంచరాదని, 24 గంటలలోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలని, నిరాశ్రయుడైతే కుటుంబం ఆచూకీ తీయాలని 100వ సెక్షన్ విధిస్తుంది. 1858 నాటి పోలీసు బాధ్యతకు, ఈ బాధ్యతకు మధ్య గల దూరమే ఈ చరిత్ర సారాంశం.

ఈ హక్కు ఆచరణలో ఎలా ఉంటుందో చూపిన ప్రయత్నం ‘ది బాన్యన్’ 2015లో ఆరంభించిన ‘హోమ్ ఎగైన్’. దీర్ఘకాలం సంస్థలలో గడిపిన నలుగురైదుగురు కలిసి సాధారణ వీధిలో అద్దె ఇంట నివసిస్తారు. అవసరమైనంత మేరకు ఒక సహాయకురాలు తోడుంటుంది. వండుకోవడం, బజారుకు వెళ్లడం, పండుగకు పొరుగింటి పిలుపు అందుకోవడం వారి దినచర్య. తమిళనాడులోనే గాక కేరళ, అస్సాంలలోనూ ఈ పద్ధతి అమలైంది. ఇక్కడ ఇల్లు కోలుకున్నందుకు బహుమానం కాదు; కోలుకోవడానికి పునాది.

రాత్రి బసకు, ఇటువంటి నివాసానికి భేదం గుర్తించడం పాలకులకు ముఖ్యం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు సుమారు 17.7 లక్షలు. పట్టణ నిరాశ్రయులకు లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఆశ్రయాలు నిర్మించాలన్న పథకం 2013లో వచ్చింది. అది తప్పనిసరి మొదటి మెట్టు. అయితే వేళకు మందు ఇచ్చేవారు, మద్యానికో మత్తుకో తిరిగి లొంగినవానిని గెంటివేయక ఓపిక పట్టేవారు లేనిచోట పడక ఒక్కటే చాలదు. ఆరోగ్యశాఖ మందు ఇస్తుంది, పురపాలక సంఘం పడక ఇస్తుంది, సంక్షేమశాఖ పింఛను ఇస్తుంది. ఈ మూడింటినీ ఒకే గడపకు చేర్చినప్పుడే అది ఇల్లవుతుంది. ఆపై అద్దెకిచ్చే యజమాని సమ్మతి, ఇరుగుపొరుగు ఆదరణ ఏ ఉత్తర్వుతోనూ వచ్చేవి కావు.

సత్రాలు కట్టించిన పెద్దలు బాటసారిని ఎన్నాళ్లుంటావని అడిగారు. నేటి చట్టం ఆ ప్రశ్ననూ విడిచిపెట్టింది. వాల్తేరు ఆశ్రయం వెలసి నూటయాభై ఏళ్లు దాటిన ఈ కాలంలో, చట్టం మాటను నిజం చేయవలసినది ప్రతి పట్టణంలోని ప్రతి వీధీ.