జీనోములో పాతకాపులు

2001 ఫిబ్రవరిలో మానవ జీనోము ముసాయిదా అచ్చయింది. అందులో దాదాపు 8 శాతం ఒకప్పటి రెట్రోవైరస్‌ల అవశేషాలేనని తేలింది. అదే ఏడాది ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ), అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల పరిశోధన ఒకటి వెలువడింది. విశాఖ జిల్లాలో ఎనిమిది కులాలకు చెందిన సుమారు 265 మంది మగవాళ్ల డీఎన్‌ఏను అందులో పరిశీలించారు. పరిశోధకులు వాడిన జన్యు గుర్తుల్లో 39 ‘ఆలూ’ ముక్కలు. ఆలూ వైరస్ కాదు. కానీ రెట్రోవైరస్‌లాగే ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏగా తిరగరాయించుకుని కొత్తచోట దూరుతుంది. పొడవు 300 అక్షరాలే, మనలో ప్రతులు మాత్రం పది లక్షలకు పైనే. దూరినచోటు వదలదు గనుక వంశాల లెక్క తీయడానికి పనికొచ్చింది. కులాల పుట్టుకపై ఆ వ్యాసం రేపిన వాదాలు వేరే కథ.

ఈ తిరగరాత జరుగుతుందని 1970లో టెమిన్, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు చూపేదాకా చాలామంది నమ్మలేదు. ఆరోగ్యంగా ఉన్న కోళ్లలో వైరస్ వారసత్వంగా వస్తోందని అంతకుముందే రాబిన్ వైస్ అంటే, ఆయన మాటకూ అదే గతి. 2000లో మాయ ఏర్పడటానికి తోడ్పడే సిన్‌సిటిన్ ప్రోటీన్ పాత వైరస్ జన్యువేనని తెలిశాక, జీనోములోని ఈ వైరస్ అవశేషాలన్నీ చెత్త అనే మాట వినబడటం తగ్గింది.

ఈ పాతకాపులు జబ్బుల్లోనూ కనిపిస్తారు. లూపస్ అనే జబ్బును అనుమానిస్తే డాక్టర్లు రాసే రక్తపరీక్షల్లో ‘యాంటీ రో’ ఒకటి. ఒంటి రక్షణవ్యవస్థ సొంత రో60 ప్రోటీన్ మీదకే తిరగబడిందా అని అందులో చూస్తారు. ఆ ప్రోటీన్ ఆలూ ఆర్‌ఎన్‌ఏలనూ పట్టుకుని ఉంటుందని 2015లో బయటపడింది. లూపస్ రోగుల రక్తకణాల్లో అవి ఎక్కువగా కనిపించాయి. విశాఖలో వంశం చెప్పిన ఆలూ రకం ముక్కలే జబ్బు కథలోకీ వచ్చాయన్నమాట.

అలాగని పాత వైరస్‌నే ముద్దాయిని చేయడం తొందరపాటు. రక్షణవ్యవస్థకు చెందిన సీ4 జన్యువు ‘పొడవు’ రూపంలో 6,400 అక్షరాల వైరస్ ముక్క ఇరుక్కుని ఉంటుంది. లూపస్ ముప్పు పెంచేది మాత్రం సీ4 ప్రతులు తక్కువగా ఉండటం. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో పాత వైరస్ ప్రోటీన్‌ను అడ్డుకోడానికి తయారైన టెమెలిమాబ్ అనే మందు కూడా ట్రయల్‌లో ప్రధాన లక్ష్యం అందుకోలేదు.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది 2018 నాటి చిన్న ప్రయోగం. లూపస్‌ను పోలిన అరుదైన ఐకార్డి–గుటియే సిండ్రోమ్ ఉన్న ఎనిమిది మందికి హెచ్‌ఐవీ మందులిస్తే, వైరస్ సోకినప్పుడు ఒంట్లో మోగే ఇంటర్‌ఫెరాన్ సంకేతాలు తగ్గాయి. ఆ మందులు తిరగరాతను ఆపేవి. హెచ్‌ఐవీ మందుల ముడిసరుకు విశాఖ పక్కనే పరవాడ ఫార్మాసిటీలోనూ తయారవుతోంది.