హతసాక్షి అనగా ఎవరు?



ఈ దినమున ఒక్క మాటను ధ్యానించుకొందాము. విశ్వాసము నిమిత్తము ప్రాణమిచ్చిన వానిని ఇంగ్లీషులో ‘మార్టర్’ అంటారు. ఇది గ్రీకు మాట అయిన ‘మార్టుస్’ నుండి వచ్చినది. అయితే ఆ గ్రీకు మాటకు మొదట చావుతో సంబంధము లేదు. ఏథెన్సు న్యాయస్థానములో తాను చూచినది, ఎరిగినది చెప్పుటకు నిలిచిన సాక్షియే మార్టుస్.

అపొస్తలుల కార్యములు 1:8లో ప్రభువు తన శిష్యులకు ఇచ్చిన పేరు ఇదే. 22:20లో, రాళ్లతో చంపబడిన స్తెఫనును గూర్చి పౌలు పలికిన మాటయు ఇదే. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు మొదటి చోట ‘విట్నెస్’ అని, రెండవ చోట ‘మార్టర్’ అని తర్జుమా చేసినది. గ్రీకులో మాత్రము మాట ఒక్కటే. మాట మారలేదు, ప్రియులారా! సాక్ష్యమునకు చెల్లించవలసిన వెల పెరిగినది.

క్రీ.శ. 155 ప్రాంతములో స్ముర్న పట్టణములో, అనగా నేటి టర్కీలోని ఇజ్మీరులో, వృద్ధుడైన బిషప్పు పొలికార్పును అధికారి యెదుట నిలిపారు. క్రీస్తును దూషిస్తే విడిచిపెడతానన్నాడు అధికారి. ఎనుబది ఆరేండ్లు సేవించిన తన రాజును దూషించలేనని పొలికార్పు చెప్పి, అగ్నికి అప్పగింపబడ్డాడు. స్ముర్న సంఘము ఈ సంగతిని ఉత్తరముగా వ్రాసి మరియొక సంఘమునకు పంపినది. విశ్వాసము కొరకు మరణించినవాడు అను అర్థముతో ఈ మాట స్పష్టముగా కనబడే తొలి వ్రాతలలో అది ఒకటి.

ఆ ఉత్తరములోనే క్వింతు అను మరియొకని సంగతి ఉన్నది. అతడు తనంతట తానే ముందుకు వచ్చాడు, ఇతరులను కూడ పురికొల్పాడు. తీరా మృగములను చూచి భయపడి, ప్రభువును కాదన్నాడు. తమంతట తాము అప్పగించుకొనువారిని మేము మెచ్చుకొనమని సంఘము తేటగా వ్రాసినది. చావును వెదకుట సాక్ష్యము కాదు. నిజమును విడువకుండుటయే సాక్ష్యము.

మన తెలుగు మాటను చూడండి: హత-సాక్షి. ‘హత’ అనునది లోకము చేయు పని. ‘సాక్షి’ అనునది మన పని. మొదటిది మనలో అనేకులకు రాకపోవచ్చును. రెండవది నేడే మన వాకిట నిలిచియున్నది. పొరుగువాని పొలము తగాదాలో నిజము తెలిసియు మౌనముగా ఉన్నామా? ఉద్యోగము పోవునని అబద్ధపు కాగితముపై సంతకము చేశామా? ఆదివారము గుడిలో చెప్పు సాక్ష్యమును సోమవారము పరీక్షించును.

నమ్మకమైన సాక్షియైన ప్రభువు మనకు ఆ ధైర్యము దయచేయును గాక. ఆమేన్.